తాడు ఇవతల నిలబడ్డవాళ్ళు

పేరిందేవమ్మ ఇల్లు, నల్లగుట్ట
ఇంటి కాపరి మంగతాయారు రోజువారీ రాత

భాద్రపదం, మూడో రోజు

పొద్దున్నే పొయ్యి రాజేసి, పొగ వాసాలకి ఎక్కిందాకా కూర్చున్నాను. పొగ తగలకపోతే ఈ ఇల్లు ఏడాది తిరక్కుండా చెదలకి ఫలహారమైపోతుంది. అందుకే నలుగురూ వచ్చి చూసిపోయే ఇల్లయినా కాపరి ఇందులోనే ఉండాలి, ఇందులోనే వండుకుని తినాలి. తర్వాత గోడల మీద పొంగిన ఉప్పు దులిపాను. దిగువ ఊళ్ళు మునిగిపోతుంటే ఈ ఇంటిని రాయి రాయికీ అంకె వేసి, పడవల మీద ఈ గుట్టకి చేర్చారు. అది మా తాతల నాటి మాట. గోడల్లో సముద్రం మాత్రం ఇంకా దిగి చావలేదు. రోజూ చేటెడు ఉప్పు ఎత్తిపోయడం నా వల్ల కావడం లేదు, ఎవరికి చెప్పుకోను.

కాశిం కొత్త యంత్రం మోసుకొచ్చాడు. గుట్ట మీదున్న నాలుగు పాత ఇళ్ళకీ యంత్రాలు చూసేది అతనొక్కడే. నాపరాళ్ళ అరుగుదల, ద్వారబంధాల మీద చేతి జిడ్డు, రోలు గుంట, అన్నీ యంత్రం తడిమి చూస్తుంది. ఆ ఇంట్లో బతికిన మనిషి ఎటు నడిచేదో, ఎక్కడ ఆగేదో, ఎంత బలంగా దంచేదో వాటిని బట్టి పోల్చుకుని, ఆ చప్పుళ్ళు మళ్ళీ పుట్టిస్తుంది. వాటిని మేం మసలిక అంటాం. మనిషి కనబడదు, మాట వినబడదు. అడుగులు, రోకలి పోటు, ఊపిరి, అంతే. వచ్చినవాళ్ళకి నేను రోజూ అప్పజెప్పే పాఠం ఇదే కాబట్టి నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

పాఠంలో రెండో సగం పేరిందేవమ్మ గురించి. నీళ్ళు మొదటిసారి ఊళ్ళ మీద పడ్డ ఏడు ఆవిడ ఈ రోలు దగ్గర కారం దంచి, అన్నం వండి, పడవల్లో కొట్టుకొచ్చినవాళ్ళందరికీ పెట్టింది. వాకిట్లో బోర్డు మీద ‘కూర్చోవడం ఎరగని ఇల్లాలు’ అని రాసి ఉంటుంది. బడిపిల్లలు ఆ మాట వల్లె వేస్తారు. శుక్రవారం పడవ దిగే జనమంతా ఆవిడ దంపు వినడానికే వస్తారు.

పాత యంత్రంలో ఆ దంపు గోనెసంచి కప్పి దంచినట్టు వినిపించేది. ఇవాళ మధ్యాహ్నం కొత్తది పెట్టగానే వంటింట్లో నిజంగా ఎవరో దంచుతున్నారనిపించింది. కాసేపు పోట్లు పడ్డాయి. ఆ తర్వాత రోకలిని రోలు అంచుకేసి టకటకమని రెండుసార్లు తట్టిన చప్పుడు. ఆ తట్టడం నేను ఎరిగినదే. కాశిం యంత్రాన్ని చూసి మురిసిపోతున్నాడు. 

భాద్రపదం, ఐదో రోజు

అతుక్కున్న కారం రాలడానికి రోకలిని అంచుకేసి ఎవరైనా తడతారు. నిన్నంతా నాకు నేనే ఇలా చెప్పుకున్నాను. ఇవాళ అడుగులు విన్నాక ఆ ముచ్చటా తీరిపోయింది.

వెనక వాకిలి నుంచి వంటింట్లోకి వచ్చే అడుగులు. ఎడమ కాలు గట్టిగా, కుడి కాలు జాగ్రత్తగా. గడప దగ్గరికి రాగానే ద్వారబంధం మీద చెయ్యి పడ్డ చప్పుడు, ఆ వెంటనే మోకాలు పటుక్కుమనడం. నేను గడప పక్కనే కాళ్ళు చాపుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. అడుగులు దగ్గరికి రాగానే నా కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. పన్నెండేళ్ళు ఆవిడకి అలా దారిచ్చిన కాళ్ళు మరి.

లూర్దమ్మ గారు. నాకు ముందు ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఇంటి కాపరి. దిగువ శిబిరం నుంచి దిక్కూ మొక్కూ లేకుండా వచ్చిన నన్ను పనిలో పెట్టుకుని, ఉప్పు దులపడం, సున్నం నానబెట్టడం, చెదల వాసన పట్టడం నేర్పింది. నన్ను తిట్టకుండా ఒక్క పూట అన్నం తినలేదు. నేను మడమ వేసి దబదబా నడుస్తానని ఆవిడకి మంట. ‘నేలంటే జాలి లేదే నీకు’ అనేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, పిలిచి ఎదురు సమాధానం చెప్పేదాన్ని.

పోయిన మాఘంలో ఆవిడని గుట్ట పడమటి వాలులో సిలువ కింద పడుకోబెట్టి వచ్చాం. పాతిపెట్టిన మనిషి నా ముందు నుంచి నడిచి వెళ్తే నేనేం చెయ్యాలి. బియ్యంలో రాళ్ళు అలాగే వదిలేసి వండుకున్నాను. తింటుంటే పంటి కింద పడ్డాయి.

భాద్రపదం, తొమ్మిదో రోజు

కాశింకి చెప్పక తప్పలేదు. వెర్రిదాన్ని చూసినట్టు చూస్తాడనుకున్నాను. పాపం, చూడలేదు. యంత్రాన్ని రోట్లోకి దించి చాలాసేపు కెలికాడు, బుర్ర గోక్కున్నాడు, మళ్ళీ దించాడు. చివరికి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“అక్కా, రాయి అరిగేకొద్దీ పైపొర పోతది గదా. పేరిందేవమ్మ గారు ఈ ఇంట్లో ఉంది ఇరవై ఏళ్ళు కూడా లేదు. ఆవిడ చేసిన గుంట ఎప్పుడో పోయింది. లూర్దమ్మ గారు దంచీ దంచీ దానికంటే కిందకి దిగారు. ఇప్పుడు మనం వినేది లూర్దమ్మ గార్నే.”

ఇన్నేళ్ళూ తెలియలేదేమని అడిగితే, పాత యంత్రానికి అంత చూపు లేదన్నాడు. కొత్తది బరువు పడే తీరును బట్టి మోకాలి చప్పుడు దాకా పోల్చుకుంటుందట. నడవా, గడప, వంటిల్లు అన్నీ చూశాడు. ఎక్కడ చూసినా ఆవిడే.

ఆవిడ ఎందుకు దంచిందో నాకు తెలుసు. పాత ఇళ్ళ శాఖ వాళ్ళే దంచమన్నారు. పేరిందేవమ్మ ఎలా దంచేదో వచ్చినవాళ్ళకి చేసి చూపించమన్నారు. ఊరికే చూసిపోతే చరిత్ర మనసుకి ఎక్కదని, కళ్ళముందు జరిగితే ఎక్కుతుందని. ప్రతి శుక్రవారం, ప్రతి ఆదివారం ఆవిడ కొంగు బిగించి దంచేది. పేరిందేవమ్మంటే ఆవిడకి ప్రాణం. ఆ పేరు ఎవరైనా తేలిగ్గా పలికితే ఊరుకునేది కాదు. అంత ప్రాణం పెట్టి, ఆ మహాతల్లి ఆనవాలంతా తన చేతులతోనే పొడి చేసి కారంతో పాటు ఎత్తిపోసింది. ఎంత పని చేశావు పెద్దమ్మా.

దసరా వెళ్ళగానే తనిఖీ. వినిపించే మసలిక ఆ ఇంటి మనిషిది కాదని తేలితే ఇంటిని మూసేసి పొయ్యి ఆర్పేస్తారు. ఆ తర్వాత చెదలదే రాజ్యం. మూయకపోతే, కాపరుల అరుగుదలంతా సున్నంతో పూడ్చమంటారు. పూడిస్తే లూర్దమ్మ గారు పోతుంది, కింద పేరిందేవమ్మ కూడా ఉండదు. నోరు మూసుకుంటే ఇల్లు ఉంటుంది, పొయ్యి ఉంటుంది, రోజూ మధ్యాహ్నం లూర్దమ్మ గారు నడుస్తుంది. కాకపోతే ఇంకొకరి పేరు మీద నడుస్తుంది.

కాశిం తను ఎవరికీ చెప్పనన్నాడు, నువ్వే తేల్చుకో అన్నాడు. తేల్చుకోవాల్సినవన్నీ నా నెత్తినే పడతాయి.

భాద్రపదం, ఇరవయ్యో రోజు

ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు. సుఖంగా ఉన్నాను, అది రాయడానికి సిగ్గేసింది.

మధ్యాహ్నం అడుగులు మొదలయ్యేసరికి వంట ముగించి కూర్చుంటున్నాను. రెండు కంచాలు పెడుతున్నాను. ఆవిడ వంటింట్లోకి వస్తుంటే లేచి దారిస్తున్నాను. నేను కూడా మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నాను, ఆవిడ బతికుండగా ఒక్కరోజు నడవలేదు గానీ. మొన్న పచ్చట్లో ఉప్పెక్కువైతే, తిట్టు మరి, నోరు పడిపోయిందా అని గట్టిగానే అన్నాను. రోకలి టకటకమంది. నవ్వొచ్చింది నాకు. చాలా రోజులకి నవ్వాను.

ఇవాళ కాశిం చెప్పకుండా వచ్చి రెండో కంచం చూశాడు. నడవాలో ఉన్న బల్ల ఈడ్చుకొచ్చి గడపకి అడ్డంగా పెట్టాడు. తీయమన్నాను. కాసేపు ఆగమన్నాడు. అడుగులు వచ్చాయి. బల్ల దగ్గర ఆగుతాయని, తడబడతాయని, కనీసం ఒక్క క్షణం ఆలస్యమవుతాయని చూశాను. ఆగలేదు. బల్లలోంచే నడిచి, ద్వారబంధం మీద లేని చెయ్యి వేసినట్టు చప్పుడు చేసి, లోపలికి వెళ్ళిపోయాయి.

“ఆవిడకి నువ్వు లేవక్కా. దారిచ్చినా ఇవ్వకపోయినా ఆ అడుగు అక్కడే పడతది.”

చేతిలో గరిటె ఉంటే అతని మీదకి విసిరాను. గోడకి తగిలి సొట్ట పడింది, గోడకి కాదు, గరిటెకి. కాశిం వెళ్ళిపోయాక గోడంతా తడిమి చూసుకున్నాను, గార ఎక్కడైనా రాలిందేమోనని. ఏడుస్తూ కూడా ఆ పని మాత్రం మర్చిపోలేదు. బాగానే తయారు చేసింది నన్ను.

ఆశ్వయుజం, ఆరో రోజు

శుక్రవారం పడవలో గంగారత్నం అనే పెద్దావిడ వచ్చింది. దిగువన నీళ్ళ మీద తేలే పంటులపై కట్టుకున్న వాడలో ఉంటుందట. మూడు పడవలు మారి వచ్చింది. వాళ్ళ నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు నీళ్ళలో కొట్టుకొస్తే ఈ వాకిట్లోనే అన్నం పెట్టారట. అందరూ నిలబడి విన్నారు గానీ, ఆవిడ చెప్పులు విప్పి, రోలు పక్కన చతికిలబడి, రోలు అంచుకి నుదురు ఆనించి కూర్చుంది. దంపు అయిపోయాక కూడా లేవలేదు.

“మా నాయనమ్మ ఆఖర్న మమ్మల్ని కూడా మర్చిపోయింది. ఈ సప్పుడొక్కటే మర్చిపోలేదు. ఇదేనా తల్లీ అది?”

ఇదేనండీ అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. కాగితంలో చిటికెడు కారం కట్టించుకుని, బొడ్లో దోపుకుని, మెల్లగా గుట్ట దిగింది.

పడవ కనుమరుగయ్యేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. ఒకప్పుడు కాశిం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక పిల్లాడు దూలానికున్న కొక్కెం ఏమిటని అడిగితే, పేరిందేవమ్మ కొడుకు ఉయ్యాలదని నోటికొచ్చింది చెప్పాడు. ఆవిడకి పిల్లలే లేరు. ఆ సంగతి తెలిసి లూర్దమ్మ గారు అదే మోకాలితో గుట్ట దిగి, కేకలేసి పడవ ఆపించి, నీళ్ళలోకి దిగి ఆ పిల్లాడికి నిజం చెప్పి వచ్చింది. వచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. నమ్మి వచ్చినవాళ్ళకి పాచి కూడు పెడతామా అంటూనే ఉంది.

అలాంటి మనిషి చప్పుడు అడ్డం పెట్టుకుని నేను ఇవాళ అబద్ధం ఆడాను. సాయంత్రం కాశింని పిలిచి, తనిఖీకి వచ్చేవాళ్ళకి నేనే చెప్తానని చెప్పాను. ఈ లోపు పేరిందేవమ్మ ఈ ఇంట్లో వేలెడంతైనా ఎక్కడైనా మిగిలి ఉందేమో వెతుకుదామన్నాను.

ఆశ్వయుజం, తొమ్మిదో రోజు

మూడు రోజులు వెతికాం. కాపరుల చెయ్యి పడని చోటు లేదు. తలుపు గడియ అరిగింది మా వేళ్ళకి. కిటికీ ఊచలు నున్నబడ్డాయి మేం తుడిచీ తుడిచీ. కాపాడటమంటే ఇదా అని నాకు నా చేతుల మీదే అసహ్యం పుట్టింది.

మిగిలింది తాడు కట్టిన మూల ఒక్కటే. నడవా చివర, ఉత్తరపు గోడకి పెద్ద మరక ఉంది. ఇంటిని పైకి తెచ్చినవాళ్ళు ‘నూనె జాడీ మరక, గార పెళుసు, ముట్టరాదు’ అని రాసి తాడు కట్టేశారు. అప్పటి నుంచి ఏ కాపరీ దాటలేదు. లూర్దమ్మ గారైతే నన్ను ఆ మూల జోలికి పోవద్దని వచ్చిన రోజే చెప్పింది. తను మాత్రం రోజూ మధ్యాహ్నం పని ముగిశాక తాడు ఇవతల వెళ్ళి నిలబడేది. అన్నానికి పిలిస్తే పలికేది కాదు. ఆకలేస్తుంటే నేనూ వెళ్ళి వెనక మూతి ముడుచుకుని నిలబడేదాన్ని. ఆ గోడలో ఏముందని అలా చూస్తుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

కాశిం నేల మీద కాలు పెట్టకుండా, తాడు మీదుగా నిచ్చెన అడ్డం వేసి, దాని మీద పడుకుని యంత్రాన్ని దించాడు.  ఏమిట్రా అంటే నన్ను కూడా పాకి రమ్మన్నాడు. జాడీ మరకైతే నేల నుంచి పైకి ఎగబాకాలి. ఇది కింద లేదు. నేల మీద కూర్చుంటే తల ఆనే ఎత్తులో, గుండ్రంగా ఉంది. దాని కింద నాపరాయి మనిషి కూర్చునేంత మేర నున్నగా ఉంది. దగ్గరికెళ్తే ఇప్పటికీ సన్నగా ఆముదం వాసన. తలనూనె.

మిగతా ఇల్లంతా ఆపేసి, ఆ మూల ఒక్కటే వినిపించాడు. చీర గోడకి రాసుకుంటూ కిందకి జారిన చప్పుడు. తల గోడకి ఆనిన చప్పుడు. పెద్ద నిట్టూర్పు ఒకటి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆగిపోయిందేమో అనుకునేసరికి ఇంకో ఊపిరి, మధ్యలో వణికి, తెగి, మళ్ళీ అందుకుంది.

 వాకిట్లో బోర్డు మీద అంతంత అక్షరాలతో కూర్చోవడం ఎరగని ఇల్లాలు అని రాశాం. వచ్చిన ప్రతి పిల్లకీ అదే నేర్పాం. ఆవిడ రోజూ ఇక్కడికి వచ్చి కూర్చునేది. అలిసిపోయి, ఎవరూ చూడని మూల చూసుకుని, గోడకి తల ఆనించి కూర్చునేది. కూర్చోదని అందరూ అనుకున్నారు కాబట్టి అది జాడీ మరకైపోయింది. జాడీ మరకైంది కాబట్టి ఒక్కటైనా మిగిలింది.

లూర్దమ్మ గారికి తెలుసా? తెలిసే అలా నిలబడేదా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు? తెలియనిదాన్ని ఊహించి రాయకూడదని ఆవిడే నేర్పింది. కాబట్టి నాకు తెలియదని రాస్తున్నాను.

ఆశ్వయుజం, ఇరవై మూడో రోజు

తనిఖీకి పుండరీకం గారు వచ్చారు. పెద్దమనిషి, ఆయాసం మనిషి, గుట్ట ఎక్కేసరికి చొక్కా తడిసిపోయింది. మంచినీళ్ళు ఇచ్చి, ఆయన గ్లాసు కింద పెట్టేలోపే మొత్తం చెప్పేశాను. ఆలస్యం చేస్తే ధైర్యం జారిపోతుందని భయం.

ఆయన చిన్నప్పుడు బడి పిల్లలతో వచ్చి ఇక్కడ దంపు విన్నారట, అది విన్నాకే ఈ ఉద్యోగం చెయ్యాలనిపించిందట. దంపు లేకపోతే జనం రారని, జనం రాకపోతే తనకి పైనుంచి మాట పడుతుందని అన్నారు. కోప్పడలేదు. దిగులుగా అన్నారు.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు తాయారు గారూ. ఎందుకు చెప్పారు?”

“ఆవిడైతే పడవ వెనక పరిగెత్తేదండీ.”

ఆయనకి అర్థం కాలేదు. కొక్కెం సంగతి చెప్పాను. అప్పుడు ఆయన లేచి తాడు దగ్గరికి వెళ్ళి, నేల మీద చతికిలబడి, మూల చప్పుడంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, తీర్పు చెప్పారు. ఇల్లు మూయరు. ఆ మూల ఒక్కటే వినిపించాలి. బోర్డు మార్చాలి. కాపరుల అరుగుదల ఎక్కడున్నా పూడ్చాలి. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరూ కాపురం ఉండకూడదు, వండకూడదు, దంచకూడదు. వాసాలకి పొగ గొట్టాలతో పెడతారు.

ఇల్లు నిలిచింది. లూర్దమ్మ గారు పోతుంది, ఆవిడ వెనకాలే నేనూ పోతాను. ఒక్క మాట చెప్పినందుకు ఇంత. సంతకాల కాడికి వచ్చేసరికి, పూడ్చే పని బయటివాళ్ళకి ఇవ్వొద్దని, నేనే చేస్తానని అడిగాను. సరేనన్నారు.

ఆశ్వయుజం, ఇరవై తొమ్మిదో రోజు

కరక్కాయలు, బెల్లం నానేసిన నీళ్ళతో సున్నం నూరాను. ఈ పాళ్ళు ఆవిడ నేర్పినవే. ఆవిడ నేర్పిన సున్నంతోనే ఆవిడని పూడుస్తున్నాను, నా బతుకిలా తగలడింది.

మొదట రోలు. పెద్దమ్మా, కోపం తెచ్చుకోకు అన్నాను. గుంట నిండేదాకా చేత్తోనే మెత్తాను. మర్నాడు మధ్యాహ్నం అడుగులు వచ్చి రోలు దగ్గర ఆగాయి, ఏ చప్పుడూ లేకుండా కాసేపు ఉండి వెళ్ళిపోయాయి. ఆ వెళ్ళిపోవడం విన్నాక అన్నం సయించలేదు. తర్వాత వంటింటి నేల. తర్వాత ద్వారబంధం మీద జిడ్డు తీశాను, చెయ్యి పడ్డ చప్పుడు పోయింది. నిన్న గడప పూడ్చాను. ఇవాళ వంటిల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మాఘంలో ఒక్కసారే పోయిన మనిషిని ఇప్పుడు రోజుకింత చొప్పున పంపిస్తున్నాను.

గంగారత్నం గారికి పడవవాడి చేత కబురు పంపాను. ఆ రోజు మీరు విన్నది మా లూర్దమ్మ దంపు, మీ నాయనమ్మ విన్నది ఇంక ఎక్కడా లేదు, నేను అబద్ధం చెప్పాను అని. ఏ జవాబూ రాలేదు.

కార్తీకం, రెండో రోజు

ఇవాళ ఆఖరు. తాడు ఇవతల ఒక్కచోటు మిగిలింది. నాపరాయి మీద రెండు పాదాల గుంటలు, ఎడమది లోతుగా, కుడిది పైపైన. పొద్దున సున్నం తట్ట పట్టుకెళ్ళి వాటి ముందు కూర్చున్నాను. చెయ్యి ముందుకి పోలేదు. చాలాసేపు చూసి, తట్ట వెనక్కి తెచ్చేశాను.

మధ్యాహ్నానికి గంగారత్నం గారు వచ్చింది. మళ్ళీ మూడు పడవలు మారి. తిట్టిపోస్తుందేమో, పడదాం అనుకున్నాను. తిట్టలేదు. లోపలికి రావచ్చా అని మాత్రం అడిగింది. నడవాలో కూర్చోబెట్టి, సున్నం చేతులు కడుక్కోవడానికి పెరట్లో తొట్టి దగ్గరికి వెళ్ళాను. యంత్రం దాని వేళకి అది మొదలైంది. పెరట్లోకి కూడా వినిపించింది, చీర జారడం, తల ఆనడం, నిట్టూర్పు.

“మా నాయనమ్మ కూడా పనంతా అయినాక ఇట్టాగే కూర్చునేది.”

ఆవిడ ఎవరితోనో కాదు, తనలో తను అనుకుంది. అప్పుడు తాడు దగ్గర మోకాలు పటుక్కుమంది. ఎడమ కాలి మీద బరువు పెట్టుకుని ఎవరో నిలబడ్డారు. లూర్దమ్మ గారు. అంత వరకూ నేను అనుకున్నదే.

ఆ తర్వాత ఇంకొన్ని అడుగులు వచ్చాయి. మడమ వేసి, దబదబా, ఆకలి మీద ఉన్న మనిషి అడుగులు. లూర్దమ్మ గారి వెనక దాకా వచ్చి ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ దంపు హోరులో అవి వినబడలేదు. నేలంతా ఖాళీ అయ్యాక వినబడ్డాయి. ఆ చోటు పూడ్చాలని నాకు తోచనే లేదు, అక్కడ నా కాళ్ళూ నేలని అరగదీశాయని నాకు తెలిస్తే కదా.

గంగారత్నం గారు నేనే వచ్చాననుకుని వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు. పెరటి గుమ్మంలోంచి నన్ను చూసింది. నేను తొట్టి దగ్గరే ఉన్నాను, చేతుల నుంచి సున్నపు నీళ్ళు కారుతున్నాయి.  నాకు భయం వేసింది. నేను బతికుండగానే నన్ను పట్టించుకోకుండా నా అడుగులు నడిచి వెళ్ళాయి మరి. భయం పోయాక ఏడుపొచ్చింది. పన్నెండేళ్ళు మూతి ముడుచుకునే నిలబడ్డాను గానీ, నిలబడ్డాను.

గంగారత్నం గారిని పడవ ఎక్కించి వచ్చి పొయ్యి ఆర్పాను. బూడిద ఎత్తి, నా గుడ్డలు మూట కట్టుకున్నాను. నా తర్వాత ఈ ఇల్లు చూసేవాళ్ళ కోసం ఇది రాసి, పెట్టెలో కాదు, వాకిట్లో కొత్త బోర్డు పక్కనే కట్టి వెళ్తున్నాను.

తాడు అవతల కూర్చున్నది పేరిందేవమ్మ. ఇవతల ముందు నిలబడ్డది లూర్దమ్మ, ఈ ఇంటి కాపరి. వెనక వచ్చి ఆగేది మంగతాయారు, ఆవిడ తర్వాతి కాపరి. ఆ రెండు చోట్లా సున్నం వేయకుండా వదిలింది నేనే, ఇప్పుడు తెలిసే వదులుతున్నాను. తీసెయ్యాలనిపిస్తే తీసెయ్యండి, కానీ ఎవరిని తీసేస్తున్నారో తెలుసుకుని తీయండి. చూడవచ్చినవాళ్ళు మధ్యాహ్నం పూట కాసేపు మాట్లాడకుండా ఉండండి. ఆవిడ ఇప్పుడే కూర్చుంది.